ఒకే రాబడి – రెండు పద్దులు

మన కళాశాలలో వాణిజ్యశాస్త్రం చదివేవాళ్లంటే కొంచెం చిన్నచూపు ఉంది. "మీకేముందండీ! ఎడమపక్క ఒక అంకె, కుడిపక్క ఒక అంకె. రెండూ కలిస్తే పాసు" అని హాస్టల్లో భౌతికశాస్త్రం మిత్రులు వేళాకోళం చేస్తూంటారు. నిజం చెప్పాలంటే చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. రెండు పక్కలూ సరిపోతే లెక్క సరైనదేనని నమ్మాను. ఆ నమ్మకం ఒక పెద్దమనిషి ముందు నన్ను తలదించుకునేలా చేసింది. ఆ సంగతి ముందు చెప్పి, దాన్నుంచి నేర్చుకున్న పాఠాన్ని తర్వాత మనవి చేస్తాను. మన విద్యార్థుల్లో చాలామంది ఇళ్లల్లో ఏదో ఒక చిన్న కొట్టో, వర్క్‌షాపో, మందుల దుకాణమో ఉండనే ఉంటుంది. "నువ్వు చదువుకున్నవాడివి గదా, కంప్యూటరులో లెక్కలు చూడరా" అని సెలవుల్లో మనకే అప్పగిస్తారు. అటువంటి మిత్రులకు ఈ నాలుగు మాటలూ పనికివస్తాయని నా ఆశ.

జరిగిన సంగతి

2023 వేసవిలో ఎం.కాం. మొదటి సంవత్సరం పరీక్షలు రాసి తెనాలిలో మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయనకు కరెంటు సామాను కొట్టు ఉంది. వైర్లు, స్విచ్చులు, మోటారు స్టార్టర్లు అమ్ముతారు. ముప్ఫై ఏళ్లుగా లెక్కలు రాస్తూ వచ్చిన గుమాస్తాగారికి చూపు మందగించింది. అంచేత ఆ ఏప్రిల్ 1 నుంచి లెక్కలన్నీ కంప్యూటరులోకి మార్చాలని బాబాయి నిశ్చయించారు. ఆ పని నా నెత్తిన పడింది. నాకూ సరదాగానే ఉంది.

కొట్లో అమ్మకాలు రెండు రకాలు. ఒకటి కౌంటరు దగ్గర చిల్లర అమ్మకం. రెండోది వైరింగు మేస్త్రీలకూ చిన్న కాంట్రాక్టర్లకూ బిల్లు మీద ఇచ్చే అరువు. అరువు బిల్లులు కంప్యూటరులోనే తయారు చేసేవాళ్లం. చిల్లర అమ్మకాలకు మాత్రం బిల్లు చేత్తో రాసి ఇచ్చి, నగదు మొత్తం సాయంత్రం ఒక్క పద్దుగా ఎక్కించేవాళ్లం. ఫోన్ల ద్వారా వచ్చిన యు.పి.ఐ. సొమ్మును విడిగా రాయటం దేనికి, ఎలాగూ బ్యాంకు లెక్కలో వస్తుంది గదా అని వదిలేశాం.

వారానికోసారి బ్యాంకు స్టేటుమెంటును సాఫ్ట్‌వేరులోకి దింపేవాణ్ణి. వందల వరసలు. ఒక్కొక్కదానికీ ఇది ఏ ఖాతా అని చెప్పాలి. విసుగుపుట్టి ఒక నియమం పెట్టేశాను: బ్యాంకులోకి యు.పి.ఐ. మీద ఏ సొమ్ము వచ్చినా అది అమ్మకాల ఖాతాకు పోవాలి, అందులో 18 శాతం జి.ఎస్.టి. కలిసే ఉన్నట్టు లెక్కగట్టాలి. అంతే! గంట పని నిమిషంలో అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జూన్ నెలాఖరుకు మూడు నెలల లెక్క తీశాను. అమ్మకాలు పన్ను కాకుండా 12,00,000. ఖర్చులన్నీ పోను నికర లాభం 3,45,000. బాబాయి రెండుసార్లు కళ్లజోడు తుడుచుకుని చూశారు. "ఇన్నాళ్లూ లాభం ఎక్కడికి పోయిందో తెలిసేది కాదురా, ఇప్పుడు కనబడుతోంది" అన్నారు. పక్క కొట్టు అప్పుడే ఖాళీ అయింది. అది కూడా తీసుకుంటే బాగుంటుందని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. రెండు లక్షలు అడ్వాన్సు ఇస్తానని ఇంటి ఓనరుకు కబురు చేశారు. అంత సొమ్ము చేతిలో లేదు గాని, రావలసిన బాకీలు మాత్రం నా పట్టిక ప్రకారం 4,72,000 ఉన్నాయి. "ముందు అవి వసూలు చెయ్యి" అన్నారు నాతో.

నేను పట్టిక ముందు పెట్టుకుని ఫోన్లు మొదలెట్టాను. మొదటి పేరు ఒక వైరింగు మేస్త్రీగారిది. మా తాతగారి రోజులనుంచి మా కొట్లోనే సరుకు తీసుకునే మనిషి. "మేస్త్రీగారూ, ఏప్రిల్ 20 నాటి బిల్లు 59,000 ఇంకా రాలేదండీ. రెండు నెలలు దాటింది" అన్నాను, కాస్త కటువుగానే. అవతల కాసేపు చప్పుడు లేదు. "రేపు వస్తాను బాబూ" అని ఫోను పెట్టేశారు.

మర్నాడు కొట్టు తీసేసరికి ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆయన మనవడు. మనవడి చేతిలో ఫోను. మే 2న 59,000 మా బ్యాంకు ఖాతాకు పంపిన దాఖలా అందులో స్పష్టంగా ఉంది. బాబాయి చూశారు, నేనూ చూశాను. మేస్త్రీగారు కోప్పడలేదు. "డబ్బు అందలేదంటే మళ్లీ ఇస్తానయ్యా. మాట అందలేదంటేనే కష్టంగా ఉంది" అని మాత్రం అన్నారు. బాబాయి లేచి ఆయన చేతులు పట్టుకున్నారు. నేను కంప్యూటరు వెనకాల ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నం గుమాస్తాగారికి కబురు పెట్టారు. ఆయన కంప్యూటరు జోలికి పోలేదు. ఒక్క ప్రశ్న వేశారు. "అమ్మకం ఎంత? సరుకు ఖరీదు పోను మిగిలింది ఎంత?" 12,00,000 మీద 4,35,000 అన్నాను. "అంటే నూటికి 36 పైన. వైరు వ్యాపారంలో నూటికి 15 మిగిలితే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం. నీ లెక్కలో మూడు లక్షల గాలి ఉంది, వెతుక్కో" అని లేచి వెళ్లిపోయారు.

వెతికాను. సరిగ్గా మూడు లక్షలే! అసలు అమ్మకాలు 9,00,000. అందులో అరువు బిల్లులు 4,00,000. ఆ బిల్లులమీద మూడు లక్షలకు, అంటే పన్నుతో కలిపి 3,54,000కు సొమ్ము వచ్చేసింది. వచ్చిన ప్రతిసారీ నా నియమం దాన్ని మళ్లీ కొత్త అమ్మకంగా రాసేసింది. నిజమైన నికర లాభం 45,000. నిజంగా రావలసిన బాకీ 1,18,000. లేని అమ్మకం మీద కట్టబోయిన జి.ఎస్.టి. 54,000. ఆ త్రైమాసిక రిటర్ను ఇంకా వెయ్యలేదు గనక బతికిపోయాం. పక్క కొట్టు మాట బాబాయి మళ్లీ ఎత్తలేదు.

అంకణా ఎందుకు పట్టుకోలేదు?

ఇక పాఠంలోకి వద్దాం. మేస్త్రీగారి బిల్లునే ఉదాహరణగా తీసుకుందాం. సరుకు ఖరీదు 50,000. జి.ఎస్.టి. 9,000. మొత్తం 59,000.

బిల్లు ఇచ్చిన రోజున పద్దు ఇది: మేస్త్రీగారి ఖాతాకు డెబిట్ 59,000, అమ్మకాల ఖాతాకు క్రెడిట్ 50,000, జి.ఎస్.టి. ఖాతాకు క్రెడిట్ 9,000. ఆదాయం ఈ రోజే పుట్టింది. సొమ్ము రాకపోయినా సరే, పుట్టింది. భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1985లో వెలువరించిన తొమ్మిదవ అకౌంటింగు ప్రమాణం చెప్పేదీ ఇదే. సరుకు మీద హక్కూ, దాని మంచిచెడ్డలూ కొన్నవాడికి చేరినప్పుడు ఆదాయం గుర్తించాలి గాని, సొమ్ము చేతికి వచ్చినప్పుడు కాదు.

సొమ్ము వచ్చిన రోజున రాయవలసిన పద్దు: బ్యాంకుకు డెబిట్ 59,000; మేస్త్రీగారి ఖాతాకు క్రెడిట్ 59,000. ఇందులో ఆదాయం ప్రసక్తే లేదు. ఒక ఆస్తి (రావలసిన బాకీ) మరొక ఆస్తిగా (బ్యాంకు నిల్వగా) మారింది, అంతే.

నా నియమం రాసిన పద్దు: బ్యాంకుకు డెబిట్ 59,000, అమ్మకాలకు క్రెడిట్ 50,000, జి.ఎస్.టి.కి క్రెడిట్ 9,000.

ఇప్పుడు అంకణా వేసి చూడండి. డెబిట్ వైపు మేస్త్రీగారు 59,000, బ్యాంకు 59,000, వెరసి 1,18,000. క్రెడిట్ వైపు అమ్మకాలు 1,00,000, జి.ఎస్.టి. 18,000, వెరసి 1,18,000. అద్దంలో చూసినట్టు సరిపోయింది! ఇంటర్మీడియట్‌లో మనం "అంకణా బయటపెట్టలేని తప్పులు" అని ఒక పాఠం బట్టీపట్టాం. అందులో సిద్ధాంతపు దోషం అని ఒకటుంది. వ్యక్తిగత ఖాతాకు పోవలసింది నామమాత్రపు ఖాతాకు పోవటం దానికి ఉదాహరణ. పరీక్షలో అయిదు మార్కులకు రాశాను. కొట్లో మూడు నెలలు అదే తప్పు చేశాను.

సరే, అంకణా పట్టుకోకపోతే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అయినా పట్టుకోవాలి గదా అంటారా? అదీ పట్టుకోదు. ఎందుచేతనంటే బ్యాంకు వైపు పద్దు తప్పు కాదు. 59,000 నిజంగానే వచ్చింది, ఒక్కసారే రాశాం. తప్పంతా ఎదుటి కాలులో ఉంది. అంచేత "బ్యాంకుతో సరిపోయింది, అంకణా సరిపోయింది" అని చెప్పి నిశ్చింతగా నిద్రపోవటానికి వీల్లేదు. ఈ తప్పు దొరికే చోటు ఒక్కటే: తీరిపోయినా తీరనట్టు కనబడే బాకీ. ఆదాయం ఒకచోట రెండింతలైతే, ఇంకొకచోట ఒక నిజాయితీపరుడు అప్పులవాడుగా మిగిలిపోతాడు.

గీత కొట్టడం

మరి గుమాస్తాగారు ముప్ఫై ఏళ్లలో ఈ తప్పు ఎందుకు చెయ్యలేదు? ఆయన్నే అడిగాను. పాత పుస్తకాలు తీసి చూపించారు. అమ్మకాల చిట్టా వేరు, రోకడ పుస్తకం వేరు, ఆవర్జా వేరు. అరువు సొమ్ము వస్తే రోకడలో రాసి, ఆవర్జాలో ఆ మనిషి పేజీ తీసి జమ కట్టి, తీరిన బిల్లు మీద అడ్డంగా ఒక గీత కొట్టేవారు. అరువు వసూలును అమ్మకాల చిట్టాలో రాయాలంటే లేచి వెళ్లి ఇంకొక పుస్తకం తియ్యాలి. ఆ లేవటంలోనే మనిషికి ఆలోచన వస్తుంది. కంప్యూటరులో అన్ని పుస్తకాలూ ఒకే తెరమీద, ఒకే మీట కింద ఉంటాయి. లేచే పని లేదు, ఆలోచనా లేదు.

ఈ గీత చాలా పాతది. ఇటలీలో లూకా పచోలీ అనే సన్యాసి 1494లో వెనిస్ నగరంలో అచ్చువేయించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. ఆ విధానాన్ని ఆయన కనిపెట్టలేదు. అప్పటికే వెనిస్ వర్తకులు వాడుతున్నదాన్ని క్రమంగా రాసిపెట్టాడు. జ్ఞాపకాల పుస్తకం, చిట్టా, ఆవర్జా అని మూడు పుస్తకాలు ఉండాలన్నాడు. ఒక పుస్తకంలోంచి రెండోదాంట్లోకి పద్దు ఎత్తి రాయగానే మొదటిదాని మీద గీత కొట్టమన్నాడు. దేనికి? ఎత్తిన పద్దు మళ్లీ ఎత్తకుండా ఉండటానికే. అయిదు వందల ఏళ్ల కిందటి ఆ సన్యాసికీ మా గుమాస్తాగారికీ పరిచయం లేదు. ఇద్దరి గీతా ఒక్కటే.

నేటి సాఫ్ట్‌వేర్లలో ఆ గీత లేకపోలేదు. మన దేశంలో చిన్న వ్యాపారులు విరివిగా వాడే ట్యాలీ 1986లో బెంగుళూరులో పుట్టింది. మిల్లులకు యంత్రభాగాలు సరఫరా చేసే ఒక వ్యాపారి తన లెక్కలకు తగిన ప్రోగ్రాము దొరక్క కొడుకు చేత రాయించుకున్నదే అది. వ్యాపారి శ్యామ్ సుందర్ గోయెంకా, కొడుకు భరత్ గోయెంకా. అందులో రశీదు పద్దు రాసేటప్పుడు ఈ సొమ్ము ఏ బిల్లుకు చెందుతుందో చూపించే ఏర్పాటు ఉంది. ఇతర సాఫ్ట్‌వేర్లలో "మ్యాచ్" అనే మీట ఉంటుంది. బ్యాంకు వరసను తీసుకువెళ్లి ఉన్న బిల్లుతో కలపటం దాని పని. పేరు ఏదైనా అదే గీత. నేను చేసిందేమిటంటే, గీత కొట్టే చోట కొత్త పద్దు రాశాను.

రెండో పద్దు దూరే దారులు

ఈ అనుభవం తర్వాత తెలిసిన వాళ్ల కొట్లలో లెక్కలు చూసినప్పుడల్లా ఇదే రోగం వేరువేరు రూపాల్లో కనబడింది. వాటిని ఆరు దారులుగా విడదీసి చెబుతాను.

ఒకటి: పైన చెప్పినదే. బిల్లు ఒకసారి ఆదాయం, దానిమీద వసూలు ఇంకొకసారి ఆదాయం.

రెండు: నగదు జమ. సాయంత్రం నగదు అమ్మకం 40,000 అని రాస్తారు. మర్నాడు అందులో 35,000 బ్యాంకులో వేస్తారు. స్టేటుమెంటులో 35,000 జమ కనబడగానే దాన్నీ అమ్మకమనుకుంటారు. అది అమ్మకం కాదు. గల్లాపెట్టె నుంచి బ్యాంకుకు సొమ్ము నడిచి వెళ్లింది, అంతే. దానికి ఉన్నది కాంట్రా పద్దు: బ్యాంకుకు డెబిట్, నగదుకు క్రెడిట్.

మూడు: విడివిడి బిల్లులూ, రోజువారీ మొత్తమూ రెండూ ఎక్కించటం. పగలు కౌంటరులో కుర్రవాడు ప్రతి బిల్లూ కొడతాడు. రాత్రి యజమాని "ఇవాళ్టి అమ్మకం" అని మొత్తం రాస్తాడు. ఇద్దరూ మంచి పనే చేస్తున్నామనుకుంటారు.

నాలుగు: ఒకే స్టేటుమెంటును రెండుసార్లు దింపటం. ఏప్రిల్ 1 నుంచి 30 దాకా ఒకసారి, ఏప్రిల్ 25 నుంచి మే 25 దాకా ఇంకొకసారి దింపితే ఆ ఆరు రోజుల సొమ్మూ రెండింతలవుతుంది. ఇక్కడ మాత్రం బ్యాంకు నిల్వ తేడా వస్తుంది గనక సమన్వయ పట్టిక పట్టుకుంటుంది.

అయిదు: ఒకే సరుకుకు ఎస్టిమేటు, డెలివరీ చలానా, బిల్లు అని మూడు కాగితాలుంటాయి. వీటిలో బిల్లు ఒక్కటే ఆదాయం. చేత్తో రాసిన బిల్లును ఇద్దరు వేరువేరుగా కంప్యూటరులో ఎక్కించటం కూడా ఈ కోవలోదే.

ఆరు: అసలు ఆదాయమే కానిది. యజమాని ఇంటినుంచి తెచ్చి వేసిన సొమ్ము మూలధనం. బ్యాంకు ఇచ్చింది అప్పు. సరుకు ఇవ్వకముందు వచ్చింది అడ్వాన్సు. అది మనం బాకీ ఉన్న సొమ్ము. చెల్లని చెక్కు తిరిగివచ్చి మళ్లీ జమ అయితే స్టేటుమెంటులో రెండు జమలు కనబడతాయి, ఆదాయం మాత్రం ఒక్కటే, అదీ బిల్లు నాడే వచ్చేసింది.

మందు

రోగం తెలిశాక మందు కష్టం కాదు. మా కొట్లో తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది.

మొదటి సూత్రం: ఆదాయం పుట్టే ద్వారం ఒక్కటే ఉండాలి. మాకు అది బిల్లు. బిల్లు లేకుండా అమ్మకాల ఖాతాలో పద్దు పడకూడదు. బ్యాంకు వరసకు ఎదురుగా అమ్మకాల ఖాతా నేరుగా రాకూడదు. నేను పెట్టిన ఆ ఘనమైన నియమాన్ని ఆ సాయంత్రమే తీసేశాను. (సొమ్ము వచ్చినప్పుడే ఆదాయం రాసుకునే చిన్న వృత్తుల వారు ఉంటారు. వాళ్లకు ద్వారం రశీదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండూ తెరిచి పెట్టుకుంటేనే చిక్కు.)

రెండవది: కౌంటరులో యు.పి.ఐ. అమ్మకాలకు ఒక మధ్య ఖాతా పెట్టాం. పేరు "యు.పి.ఐ. రావలసినది". సాయంత్రం ఆ రోజు బిల్లుల ప్రకారం ఈ ఖాతాకు డెబిట్, అమ్మకాలకూ పన్నుకూ క్రెడిట్. బ్యాంకులో సొమ్ము పడగానే బ్యాంకుకు డెబిట్, ఈ ఖాతాకు క్రెడిట్. సొమ్మంతా చేరిపోతే దీంట్లో నిల్వ సున్నా కావాలి. కాకపోతే ఏదో తప్పిపోయింది, లేదా రెండుసార్లు వచ్చింది. ఇదొక కావలివాడు.

మూడవది: ఏమిటో తెలియని సొమ్ము వస్తే తొందరపడి అమ్మకంలో వెయ్యకుండా అనామతు ఖాతాలో ఉంచాలి. వారం లోపల అడిగి తెలుసుకుని సరైన చోటికి పంపాలి. నెలాఖరుకు అనామతు ఖాతా ఖాళీ అయి తీరాలి.

నాలుగవది: నంబర్లు. జి.ఎస్.టి. నిబంధనల ప్రకారం బిల్లు నంబరు వరసక్రమంలో ఉండాలి, 16 అక్షరాలకు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఇది ప్రభుత్వం మనకు పెట్టిన శిక్ష కాదు, ఇచ్చిన రక్ష. ఒకే నంబరు రెండుసార్లు ఎక్కకుండా సాఫ్ట్‌వేరులో కట్టడి చేసుకోవచ్చు. అలాగే యు.పి.ఐ. చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్సు నంబరు ఉంటుంది. రశీదు పద్దులో దాన్ని తప్పకుండా రాయాలి.

ఇక్కడొక హెచ్చరిక. ఈ జబ్బుకు భయపడి కొందరు ఎదురు తప్పు చేస్తారు. నేనూ చెయ్యబోయాను. ఒకే రోజున 2,360 చొప్పున రెండు జమలు కనబడ్డాయి. "ఇదిగో రెండోది" అని తీసెయ్యబోయాను. రిఫరెన్సు నంబర్లు చూస్తే వేరువేరు. ఇద్దరు మనుషులు ఒకే రకం స్టార్టరు కొన్నారు! మొత్తం ఒకటైనంత మాత్రాన పద్దు ఒకటి కాదు. సాక్ష్యం చెప్పేది నంబరు గాని మొత్తం కాదు. అసలు ఆదాయాన్ని చెరిపెయ్యటం, లేని ఆదాయాన్ని రాయటం కంటే చిన్న తప్పేమీ కాదు.

అయిదవది: దిద్దుబాటు. తప్పు పద్దు కనబడితే మాయం చెయ్యకూడదు, ఎదురు పద్దు రాసి సరిచెయ్యాలి. మేస్త్రీగారి విషయంలో మేము రాసినది: అమ్మకాలకు డెబిట్ 50,000, జి.ఎస్.టి.కి డెబిట్ 9,000, మేస్త్రీగారి ఖాతాకు క్రెడిట్ 59,000. పక్కన కారణం కూడా రాశాం. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగు సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పుకూ జాడ మిగలాలనే నిబంధన అమలులోకి వచ్చింది. చిన్న కొట్లకు ఆ నిబంధన లేదు. అయినా ఆ పద్ధతి మంచిది. రేపు ఎవరైనా అడిగితే చెప్పటానికి జాడ ఉండాలి. అప్పటికే రిటర్ను వేసి ఉంటే, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత వచ్చే నవంబరు 30 లోపల, వార్షిక రిటర్ను వెయ్యకముందే తర్వాతి రిటర్నుల్లో సరిదిద్దుకోవాలి. అందుకని ఏడాది చివరిదాకా ఆగకుండా నెలనెలా చూసుకోవటం ఉత్తమం.

నెలాఖరు పరీక్ష

నెల చివర నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదలు ఉన్న బాకీ, దానికి ఈ నెల అరువు బిల్లులు కలిపి, వసూళ్లు తీసేస్తే చివరి బాకీ వస్తోందా? ఆ చివరి బాకీ మనిషిమనిషికీ విడదీస్తే నమ్మదగినదిగా ఉందా? ఎప్పుడూ నెలలో తీర్చే మనిషి పేరు మూడు నెలల బాకీల్లో కనబడితే ముందు మన లెక్కను అనుమానించాలి, తర్వాతే ఆ మనిషిని.

స్థూల లాభం శాతం కిందటి నెలలకు దగ్గరగా ఉందా? ఉన్నట్టుండి పెరిగితే సంబరపడకూడదు, వెతకాలి.

అమ్మినట్టు లెక్క చెబుతున్న సరుకు, మొదటి నిల్వకు కొన్నది కలిపినదానికంటే ఎక్కువైపోయిందా? లేని వైరు చుట్టను ఎవరూ అమ్మలేరు.

అమ్మకాల ఖాతా మొత్తం, బిల్లుల మొత్తం, జి.ఎస్.టి. రిటర్నులో చూపబోయే మొత్తం – ఈ మూడూ ఒకటేనా?

గుమాస్తాగారు ఆ రోజు అడిగింది వీటిలో రెండో ప్రశ్న ఒక్కటే. కంప్యూటరు మూడు నెలలు చెప్పలేనిది ఆయన ఒక్క భాగహారంతో చెప్పారు. వ్యాపారం తెలిసినవాడికి లెక్క ఏ మేరకు ఉండాలో ముందే తెలుసు. మనం చదివిన చదువులో ఆ పాఠం లేదు. అది కొట్లో కూర్చుంటేనే వస్తుంది.

చివరగా ఒక్క మాట. కంప్యూటరు తప్పు చేసిందని బాబాయితో అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాని అది నిజం కాదు. నేను చెప్పినదే అది చేసింది, అలిసిపోకుండా, మూడు నెలలపాటు, ఒక్కటి కూడా వదలకుండా. తెలియక ఒక్కసారి తప్పు చేసేవాడి చేతికి యంత్రం ఇస్తే ఆ తప్పును వెయ్యిసార్లు చేసిపెడుతుంది. అలాగని యంత్రాన్ని వదిలిపెట్టమని నేననను. మా కొట్టు లెక్కలు ఇప్పటికీ అందులోనే నడుస్తున్నాయి. గుమాస్తాగారు నెలాఖరున వచ్చి, కాఫీ తాగి, శాతం అడిగి వెళుతూంటారు.

ఆ వారంలోనే బాబాయి నన్ను వెంటబెట్టుకుని మేస్త్రీగారింటికి తీసుకువెళ్లారు. చెల్లు రాసిన బిల్లు నా చేతే ఆయనకిప్పించారు. ఆయన దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. "లెక్కన్నాక పొరపాట్లు వస్తాయి బాబూ. మనిషిని అడిగి రాసుకోవాలి" అన్నారు.

మిత్రులారా, ప్రతి పద్దు వెనకా ఒక మనిషి ఉన్నాడు. డెబిట్, క్రెడిట్ సరిపోయాయా అని చూడటం చదువు. ఆ మనిషికి మనం రాసింది సరిపోయిందా అని చూడటం వ్యవహారం. మొదటిది మన కళాశాలలో నేర్చుకున్నాను. రెండోది ఒక కరెంటు కొట్లో, ఒక పెద్దాయనకు ఫోను చేసి నేర్చుకున్నాను. మీరు ఆ ఫోను చెయ్యకుండానే నేర్చుకోవాలని ఈ నాలుగు పేజీలూ రాశాను.